మారిషస్ స్టడీ టూర్: ఏమీ నేర్చుకోకుండా తిరిగి రావడానికి చిట్కాలు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈసారి మీ ఎంబీఏ బ్యాచ్‌ని స్టడీ టూర్‌కి మారిషస్ తీసుకెళ్తున్నారని విన్నాను. ‘ఒక ద్వీపం ఆర్థిక వ్యవస్థ, క్షేత్ర పరిశీలన’ అని నోటీసు కూడా అంటించారట. ముందుగా అభినందనలు. ఆ వెంటనే ఒక హెచ్చరిక. ఏమరుపాటుగా ఉంటే ఈ టూర్లో మీకు ఆర్థిక శాస్త్రం వచ్చేస్తుంది.

ఢిల్లీకో ముంబైకో తీసుకెళ్తే ఏ బెంగా ఉండేది కాదు. అంత పెద్ద దేశంలో సరుకు ఎక్కడ పుడుతుందో, ఎక్కడ తేలుతుందో, మధ్యలో డబ్బు ఎవరి జేబులో దిగుతుందో కంటికి ఆనదు. మారిషస్ అలాంటిది కాదు. ప్రధాన ద్వీపం పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు 45. జనాభా పన్నెండున్నర లక్షలు. రేవు, చెరకు తోట, చక్కెర మిల్లు, చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ, విదేశీ కంపెనీల ఆఫీసులు, హోటళ్లు అన్నీ గంట ప్రయాణంలోనే ఉన్నాయి. దేశంలోకి ఏం వస్తోంది, దేశం నుంచి ఏం పోతోంది అన్నది పోర్ట్ లూయీ రేవులో కాసేపు నిలబడితే తెలిసిపోతుంది. ఊరికే కళ్లు తెరుచుకుని తిరిగినా చాలు, ఎంతో కొంత బుర్రలోకి దూరుతుంది.

కాబట్టి మామూలు బద్ధకం ఇక్కడ చాలదు. పద్ధతిగా బద్ధకించాలి. ఆ పద్ధతి మీకు చెప్పడానికే ఇది రాస్తున్నాను. వరుసగా పాటించండి.

1. బయల్దేరే ముందు ఏమీ చదవకండి. ముఖ్యంగా ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ జోలికి వెళ్లకండి. మీ సార్ ఆ పేరు తప్పకుండా ఎత్తుతారు. 1960లో కరోల్ తుపాను ఆ ద్వీపాన్ని ఊడ్చేసింది. అప్పటికింకా అది బ్రిటిష్ వలస. ఎగుమతుల ఆదాయం దాదాపు మొత్తం చక్కెర మీదే. జనాభా చూస్తే గబగబా పెరుగుతోంది. ఆ రోజుల్లోనే మీడ్ బృందం అక్కడికి వెళ్లి అంతా పరిశీలించి, 1961లో నివేదిక ఇచ్చింది. ఈ దేశం గట్టెక్కడం కష్టమన్నది దాని సారాంశం. ఆ మీడ్‌కే 1977లో నోబెల్ వచ్చింది. ఆయన చెప్పిన దేశమేమో 1968లో స్వాతంత్ర్యం తెచ్చుకుని, 2020 నాటికి ప్రపంచ బ్యాంకు అధికాదాయ దేశాల జాబితాలోకి ఎక్కింది. కోవిడ్ దెబ్బకి మరుసటి ఏడాదే ఒక మెట్టు దిగిందనుకోండి, అది వేరే సంగతి.

ఇక్కడ ‘మరి ఇదెలా జరిగింది?’ అనే ప్రశ్న పుడుతుంది. దాన్ని మొగ్గలోనే తుంచండి. మీ టూర్ మొత్తం ఆ ఒక్క ప్రశ్న కోసమే వేశారు. అది మనసులో పడిందంటే నిద్ర కూడా సరిగ్గా పట్టదు. మీడ్ కథలో మీకు పనికొచ్చే ముక్క వేరే ఉంది. “నోబెల్ వచ్చినాయన లెక్కే తప్పింది, మేమెంత సార్?” ఈ వాక్యం బట్టీ పట్టండి. ఏ వైవాలోనైనా పనిచేస్తుంది.

2. గ్రూపులో రాసే మనిషి ఒకరు ఉండేలా చూసుకోండి. ఒక్కరు చాలు. ఇద్దరుంటే చర్చ మొదలవుతుంది. మిగతావాళ్లు ‘కోఆర్డినేషన్’, ‘ఫొటోలు’, ‘లాజిస్టిక్స్’ అని పదవులు పంచుకోండి. రాసే అమ్మాయిని రోజూ సాయంత్రం “అక్కా, నువ్వు లేకపోతే మేమేమైపోయేవాళ్లం” అని పొగడండి. వయసులో చిన్నదైనా అక్కా అనే పిలవండి. ఆ పిలుపుకి ఇంకో రెండు పేజీలు ఎక్కువ రాస్తుంది.

3. నాన్నగారి దగ్గర డబ్బు అడిగేటప్పుడు ‘టూర్’ అనకండి, ‘ఇంటర్నేషనల్ ఎక్స్‌పోజర్’ అనండి. భారతీయులకు అక్కడికి ముందుగా వీసా అక్కర్లేదన్న సంగతి చెప్పకండి. వీసా ఖర్చు అనే పద్దు ఇంట్లో బాగా నడుస్తుంది.

4. చేతి గడియారం ఒకటి కొనండి. ఫోన్ దానంతటదే టైము మార్చేసుకుంటుంది కాబట్టి దాంతో లాభం లేదు. మారిషస్ మనకంటే గంటన్నర వెనక. విమానం దిగగానే అందరూ ముల్లు గంటన్నర వెనక్కి తిప్పుతారు. మీరు రెండుసార్లు తిప్పండి. ఉదయం తొమ్మిదికి బస్సు అంటే మీరు పదిన్నరకి లాబీలోకి దిగుతారు, గడియారం చూపిస్తారు, అందులో తొమ్మిదే ఉంటుంది. “తిప్పానో లేదోనని మళ్లీ తిప్పాను సార్” అనండి. మొదటి రోజు అందరూ నవ్వుతారు. రెండో రోజు మీ కోసం ఆగడం మానేస్తారు. అక్కణ్నుంచి ఉదయాలన్నీ మీవే.

5. ఒకవేళ బస్సు ఎక్కాల్సి వస్తే వెంటనే నిద్రపోండి. విమానాశ్రయం ద్వీపానికి ఆగ్నేయ మూలన ఉంది, రాజధాని పోర్ట్ లూయీ వాయవ్యాన. అంటే మొదటి ప్రయాణంలోనే దేశాన్ని ఈ మూల నుంచి ఆ మూలకి కోసుకుంటూ పోతారు. దారి పొడవునా చెరకు. తోటల మధ్యలో నల్లరాళ్ల గుట్టలు. అగ్నిపర్వతం పుట్టించిన ద్వీపం కదా, ఆ రాళ్లన్నీ ఏరి కుప్పేస్తే గానీ అక్కడ సాగు భూమి రాలేదు. ఏరిన చేతులు మొదట బానిసలవి, 1835లో బానిసత్వం పోయాక మన దేశం నుంచి వెళ్లిన కూలీలవి.

కిటికీ దగ్గర కూర్చుంటే ఈ రాళ్లు కనపడతాయి. కనపడితే ‘ఇవెందుకున్నాయి?’ అని నోరు జారుతుంది. గైడ్ అరగంట చెబుతాడు. నడవ పక్క సీటు తీసుకోండి, టోపీ ముఖం మీదికి లాక్కోండి.

6. చక్కెర మిల్లు సందర్శనను రుచి చూడటం దగ్గరే ఆపేయండి. బో ప్లాన్‌లో పాత మిల్లునొకదాన్ని మ్యూజియం చేశారు. చివర్లో రకరకాల చక్కెర రుచి చూపిస్తారు. తిన్నగా అక్కడికే పోండి. మధ్యలో గోడల మీద ఉన్న చరిత్రంతా వదిలేయండి. డచ్చివాళ్లు 1639లో చెరకు తెచ్చారు, ఫ్రెంచివాళ్లు పెంచారు, 1810లో బ్రిటిష్‌వాళ్లు లాక్కున్నారు, ఇవేవీ నాలుకకి తగలవు.

ఆడుతున్న మిల్లు చూపిస్తామంటే మాత్రం ఇంకా జాగ్రత్తగా ఉండాలి. జూన్, డిసెంబరు మధ్యలో వెళ్తే అక్కడ చెరకు ఆడుతుంటారు. మీ బ్యాచ్‌లో అనకాపల్లి, ఉయ్యూరు, తణుకు వైపు పిల్లలుంటే వాళ్లను వెనక నిలబెట్టండి. వాళ్లకి చెరకు గురించి ముందే కొంత తెలుసు. “పిప్పి ఏం చేస్తారండీ?” అని అడిగేస్తారు. అడిగారంటే కొంపే. పిప్పి కాల్చి కరెంటు తీస్తామని, దాన్ని దేశం గ్రిడ్‌కి అమ్ముతామని, క్రషింగ్ లేని నెలల్లో అదే బాయిలర్లో దిగుమతి బొగ్గు వేస్తామని ఇంజినీరు చెప్పుకుపోతాడు. ఒక్క సీజన్ ముగిసేసరికి దేశం కరెంటు బిల్లు ఎలా మారుతుందో మీకు అర్థమైపోతుంది.

దాని వెనకే అసలు కథ వస్తుంది. 1975 నుంచి ఐరోపా దేశాలు మారిషస్ చక్కెరని ఏటా 5 లక్షల టన్నుల దాకా, ప్రపంచ మార్కెట్ కంటే చాలా ఎక్కువ ధరకి కొనేవి. ఆ పై డబ్బుతో దేశం నిలదొక్కుకుంది. 2006లో ఐరోపా తన చక్కెర విధానం మార్చుకుని, నాలుగేళ్లలో ధర 36 శాతం కోసేసింది. 2009లో ఆ ఒప్పందమే ముగిసింది. మిల్లులు ఒకదానిలో ఒకటి కలిసిపోతూ, మూతపడుతూ, చివరికి మూడు మిగిలాయి. మిగిలినవి బతికింది మామూలు చక్కెరతో కాదు. డెమెరారా, మస్కొవాడో లాంటి ప్రత్యేక చక్కెరలతో, కరెంటుతో, భూమితో.

ఆ భూమి సంగతి మరీ ప్రమాదం. 2002లో ఒక పథకం పెట్టి, కనీసం 5 లక్షల డాలర్లు పెట్టి విల్లా కొన్న విదేశీయుడికి నివాస హక్కు ఇవ్వడం మొదలుపెట్టారు. చెరకు దున్నిన చోట గోల్ఫ్ మైదానాలు లేచాయి. చెరకు కంటే విల్లా లాభం. కానీ విల్లా ఒక్కసారే అమ్ముడవుతుంది. ఇక్కడ ఎవరైనా ఆలోచనలో పడ్డట్టు కనిపిస్తే వెంటనే ఒక చెంచా మస్కొవాడో నోట్లో పోయండి.

7. గార్మెంట్ ఫ్యాక్టరీలో ఒకే ఒక్క ప్రశ్న అడగండి. “మాకేమైనా డిస్కౌంట్ ఉందా?” ఈ ప్రశ్నతో మేనేజరు మిమ్మల్ని విద్యార్థులుగా చూడటం మానేసి, కస్టమర్లుగా చూస్తాడు. సేల్స్ అమ్మాయిని పిలుస్తాడు, ఆయన వెళ్లిపోతాడు. ఇక ఏ గొడవా లేదు.

ఈ ప్రశ్న అడగకపోతే ఏమవుతుందో చెప్తాను. మేనేజరు ఫ్యాక్టరీల చరిత్ర మొదలుపెడతాడు. ఎడ్వర్డ్ లిమ్ ఫాట్ అనే ప్రొఫెసర్ తైవాన్ లాంటి చోట్ల జరుగుతున్నది గమనించి, ఎగుమతుల జోన్ పెడదామన్నాడు. 1970లో చట్టం వచ్చింది. మన దగ్గర జోన్ అంటే ఊరి బయట కంచె, గేటు, సెక్యూరిటీ. వాళ్లు కంచె వేయలేదు. ద్వీపంలో ఎక్కడ ఫ్యాక్టరీ పెట్టినా, ఎగుమతి చేస్తే జోన్ కింద లెక్క. దాంతో ఫ్యాక్టరీ ఊళ్లోకే నడిచొచ్చింది, ఇంట్లో ఉన్న ఆడవాళ్లకి దగ్గర్లోనే జీతం దొరికింది. హాంకాంగ్ వ్యాపారులు కూడా దిగారు. అప్పట్లో ఐరోపా, అమెరికాల్లో హాంకాంగ్ బట్టలకి కోటా ఉండేది, మారిషస్ నుంచి పంపితే ఐరోపా తలుపు తెరిచే ఉండేది. 2005 జనవరి 1తో ఆ కోటాలు ప్రపంచమంతటా రద్దయ్యాయి. వచ్చినవాళ్లలో చాలామంది మూటాముల్లె సర్దుకున్నారు. మిగిలిన ఫ్యాక్టరీల్లో ఇవాళ మిషన్ల ముందు బంగ్లాదేశ్ వాళ్లు, మన వాళ్లు, మడగాస్కర్ వాళ్లు కనిపిస్తారు.

చూశారా, ఒక చొక్కా వెనక ఎంతుందో! చొక్కాని చొక్కాలాగే చూడండి. సైజు సరిపోయిందా లేదా, అంతే.

8. బజార్లో తినండి, కానీ దేనితో చేశారని అడగకండి. ధోల్ పూరీ అక్కడి వీధుల్లో దొరికే బంగారం. శనగపప్పు పొడి కూరి వత్తిన పల్చటి రొట్టె, బెల్లం వేయడం మరిచిపోయిన బొబ్బట్టులా ఉంటుంది. రెండు రొట్టెల మధ్య కూర, పచ్చడి పెట్టి కాగితంలో చుట్టిస్తారు. మూడు తినండి. నాలుగైనా పరవాలేదు.

కానీ నములుతూ ఆలోచించకండి. ఆ రొట్టెలో పిండి ఏ దేశం గోధుమ? ఆ పప్పు ఎక్కడిది? పెనం కింద గ్యాస్ ఎక్కడిది? అన్నీ ఓడ దిగినవే. చెరకే బంగారమై కూర్చున్న ద్వీపం అన్నం పండించుకోలేదు, కొనుక్కుంటుంది. 2023 జూలైలో మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు, మారిషస్‌కి ప్రత్యేకంగా 14,000 టన్నులు వదలాల్సి వచ్చింది. ఉల్లిపాయలు ఆపినప్పుడూ అంతే, 2024లో 1,200 టన్నులకి అనుమతి ఇచ్చారు. మన రైతుబజార్లో ఉల్లి ధర తగ్గించడానికి తీసుకున్న నిర్ణయం హిందూ మహాసముద్రం అవతల ఒక గృహిణి వంటింట్లో దిగిందన్నమాట.

మీ రిపోర్టుకి ఇది చక్కటి అధ్యాయం అవుతుంది. అందుకే వద్దంటున్నాను. అధ్యాయం అంటే లెక్కలు, లెక్కలంటే పట్టికలు, పట్టికలంటే రాత్రిళ్లు మేలుకోవడం. ‘స్థానిక ఆహారం రుచికరంగా ఉంది’ అని రాసి ఊరుకోండి.

9. ఎబెన్‌లో అద్దాల మేడల ముందు ఫొటో దిగి, అవి సాఫ్ట్‌వేర్ కంపెనీలని రాసేయండి. కొన్ని అవే. మిగతా వాటి సంగతి మీకనవసరం. అవసరమనుకునేవాళ్లకి 1982 నాటి భారత్, మారిషస్ పన్ను ఒప్పందం చెప్పాలి. మారిషస్‌లో రిజిస్టరైన కంపెనీ మన దేశంలో షేర్లు కొని లాభానికి అమ్మితే, మన దేశం ఆ లాభం మీద పన్ను వేసేది కాదు. మారిషస్ కూడా వేసేది కాదు. దాంతో ఎక్కడెక్కడి డబ్బో ఆ చిన్న ద్వీపం చిరునామా పెట్టుకుని మన దేశానికి వచ్చేది. ఏళ్ల తరబడి మనకి విదేశీ పెట్టుబడి పంపిన దేశాల్లో మొదటి పేరు మారిషస్‌దే. 2016లో ఒప్పందం సవరించారు. 2017 ఏప్రిల్ 1 నుంచి కొన్న షేర్ల మీద పన్ను ఇక్కడే కట్టాలి. 2020 ఫిబ్రవరిలో మనీ లాండరింగ్ మీద నిఘా పెట్టే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఏటీఎఫ్ మారిషస్‌ను గ్రే లిస్టులో పెట్టింది. 2021 అక్టోబరులో తీసింది.

మీ మేడం ఇది బస్సులో మైకు పెట్టి చెబుతారు. అప్పుడే “మేడం, కళ్లు తిరుగుతున్నాయి” అనండి. మైకు ఆపి నిమ్మకాయ వెతుకుతారు. పాపం, మంచావిడ.

10. ఆప్రవాసీ ఘాట్‌లో మెట్లు లెక్కపెట్టండి. పదహారు ఉంటాయి. లెక్క సరిపోగానే బయటికి వచ్చేయండి. ఒప్పంద కూలీలుగా ఓడ దిగిన దాదాపు ఐదు లక్షల మంది భారతీయుల కథ అక్కడ చెబుతారు. యునెస్కో 2006లో దాన్ని వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడ ఎక్కువసేపు నిలబడితే కూలి ఎంత, ఒప్పందం ఎన్నేళ్లు, తిరుగు ఓడ ఖర్చు ఎవరిది అనే ఆలోచనలు వస్తాయి. అవన్నీ ఆర్థిక శాస్త్రం కిందికే వస్తాయి. మెట్లే మంచివి.

11. మారిషస్ తెలుగువాళ్లు ఎదురైతే చాలా తెలివిగా తప్పించుకోవాలి. అన్నిటికంటే కష్టమైన ఘట్టం ఇదే, ఎందుకంటే వాళ్లు మనల్ని చూస్తే వదలరు. ఇంటికి రమ్మంటారు, భోజనం పెడతారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడెక్కిన వాళ్ల పిల్లల పిల్లలు వీళ్లు. అందుకే అక్కడ తెలుగువాళ్లకి కోరింగీలనే పేరు పడింది. ఉగాది ఆ దేశంలో సెలవు దినం. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది అక్కడే. సింహాద్రి అప్పన్న పూజ ఇప్పటికీ చేస్తారు.

ఒక తాతగారు మీ చెయ్యి పట్టుకుని కూర్చుంటే, ఆర్థిక చరిత్ర మొత్తం ఒక్క కుటుంబం కథలో బయటికొస్తుంది. ముత్తాత ఐదేళ్ల ఒప్పందం మీద చెరకు నరికాడు. దొరలు మిగులు భూమి ముక్కలు చేసి అమ్మినప్పుడు తాత చిన్న చెక్క కొన్నాడు. తండ్రి అందులో చెరకేశాడు. 1977 నుంచి హైస్కూలు చదువు ఉచితం కావడంతో కొడుకు టీచరయ్యాడు, కూతురు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరైంది. మనవడు ఎబెన్‌లో అకౌంటెంటు. చక్కెర ధర పడ్డాక ఆ చెక్కలో ఇప్పుడు గడ్డి పెరుగుతోంది. ఇలాంటి కుటుంబాలు అక్కడ ఊరికి కొన్ని దొరుకుతాయి. మీ ప్రొఫెసర్ నాలుగు తరగతుల్లో చెప్పేది ఆ తాతగారు కాఫీ చల్లారేలోగా చెప్పేస్తారు.

ఆయన నోరు తెరవకముందే మీరు తెరవాలి. “తాతగారూ, తెలుగులో ఏదైనా మాట్లాడండి” అనండి. చాలా ఇళ్లలో ఇప్పుడు క్రియోల్ మాట్లాడుకుంటారు. ఆయన మొహమాటపడుతూ రెండు ముక్కలంటారు. చప్పట్లు కొట్టండి, వీడియో తీయండి, ‘మన భాష సముద్రాలు దాటింది’ అని పోస్టు పెట్టండి. కాళ్లకి దండం పెట్టి బయటపడండి. చెరకు చెక్క గురించి అడగకుండా వచ్చారంటే మీరు ఈ విద్యలో పండినట్టే.

12. బీచ్ రోజుని ‘పర్యాటక రంగం, ఫీల్డ్ వర్క్’ అని డైరీలో రాయండి. ఇందులో అబద్ధమేమీ లేదు. 2019లో ఆ దేశానికి 13.8 లక్షల మంది టూరిస్టులు వచ్చారు, అంటే ఉన్న జనం కంటే వచ్చిన జనమే ఎక్కువ. 2020లో సరిహద్దులు మూసేసరికి దేశ ఆదాయం సుమారు 15 శాతం పడిపోయింది. ఒక్క అంకె చాలు, ఏ దేశమైనా ఒకే బుట్ట మీద ఎంత ఆధారపడిందో చెప్పడానికి. మీరు చెప్పకండి. ఇసకలో పడుకోండి.

గైడ్ వకాషియో గురించి ఎత్తితే మాత్రం కొంచెం వినండి, అందులో మీకో ముఖ్యమైన పాఠం ఉంది. 2020 జూలై 25న ఆ పేరుగల జపాన్ కంపెనీ ఓడ ఆగ్నేయ తీరంలో పగడపు దిబ్బల మీదికెక్కింది. ఆగస్టులో సుమారు వెయ్యి టన్నుల నూనె సముద్రంలో కలిసింది. జాలర్లు, హోటల్ పనివాళ్లు, బడిపిల్లలు కలిసి చెరకాకు గుడ్డల్లో కూరి పొడవాటి దిండ్లు కుట్టి, నీళ్ల మీద అడ్డం వేశారు. జుట్టు కత్తిరించి ఇచ్చినవాళ్లూ ఉన్నారు. ఓడలో పుట్టినరోజు వేడుక జరిగిందని, ఫోన్ సిగ్నల్ కోసం ఒడ్డుకి దగ్గరగా నడిపారని తర్వాత విచారణలో బయటికొచ్చింది.

పాఠం ఏమిటంటే, సిగ్నల్ చాలా ముఖ్యం. విమానాశ్రయంలోనే లోకల్ సిమ్ కొనుక్కోండి.

13. ఎవరైనా రోడ్రిగ్స్ ద్వీపం కూడా చూద్దామంటే వద్దనండి. ఇంకో 560 కిలోమీటర్లు విమానం ఎక్కాలి. అయితే అక్కడి నుంచి ఒక విషయం మాత్రం తీసుకోండి. 2012 నుంచి ఆ ద్వీపంలో ఏటా కొన్ని వారాలు ఆక్టోపస్ వేట ఆపేస్తారు. ఆ విరామంలో అవి పెరుగుతాయి, తెరిచాక వేటలో బరువైనవి పడతాయి. విరామం ఇస్తే దిగుబడి పెరుగుతుందని ప్రభుత్వమే ఒప్పుకుంది కదా. సెమిస్టరు మధ్యలో రెండు వారాలు క్లాసులు ఎగ్గొట్టేటప్పుడు హెచ్‌ఓడీ ముందు ఈ ఉదాహరణ పెట్టండి.

14. సర్వే ఫారాలు హోటల్ గదిలోనే నింపండి. యాభై ఫారాలు, నలుగురు స్నేహితులు, నాలుగు రంగుల పెన్నులు. ఎడమ చేత్తో కొన్ని నింపితే చేతిరాత మారుతుంది. అన్నిట్లోనూ ‘సంతృప్తికరం’ దగ్గర టిక్కు పెట్టండి. ఎవరో ఒకరు అసంతృప్తిగా ఉంటే కారణం రాయాల్సి వస్తుంది. ఒక్క ఫారం మీద కాఫీ ఒలికించండి, ఫీల్డులో తిరిగినట్టు కనిపిస్తుంది.

15. రిపోర్టు కొత్తగా రాయకండి. రెండేళ్ల కిందటి బ్యాచ్ మాల్దీవులు వెళ్లింది. వాళ్ల సాఫ్ట్ కాపీ సంపాదించండి. ‘మాల్దీవులు’ ఉన్న చోటల్లా ‘మారిషస్’ అని ఒక్క దెబ్బకి మార్చేయండి. రెండూ హిందూ మహాసముద్రంలోనే ఉన్నాయి, రెండూ ద్వీపాలే, అట్ట కూడా నీలం రంగే. అలా మార్చాక మారిషస్‌లో సుమారు 1,200 పగడపు దీవులు ఉంటాయి, రాజధాని మాలే అవుతుంది, దేశంలో కొండ అన్నదే ఉండదు. నిజానికి మారిషస్‌లో 828 మీటర్ల శిఖరం ఉంది. అయినా పేజీలు లెక్కపెట్టి మార్కులేసే చోట శిఖరం ఎత్తు ఎవరు కొలుస్తారు? చెరకు అనే మాట మొత్తం రిపోర్టులో ఒక్కసారి కూడా రాకపోతే భయపడకండి. ముందుమాటలో ‘మధురమైన అనుభవం’ అని ఒక వాక్యం చేర్చండి, చక్కెర కూడా వచ్చినట్టే. స్పైరల్ బైండింగ్ మాత్రం మంచిది వేయించండి. మూడు కాపీలు జిరాక్స్ తీయండి.

16. వైవాలో ప్రతి ప్రశ్నకీ ఒకే జవాబు చెప్పండి. “బాగా అభివృద్ధి చెందింది సార్, అయితే కొన్ని సవాళ్లు కూడా ఉన్నాయి.” చక్కెర గురించి అడిగినా, పన్ను ఒప్పందం గురించి అడిగినా, ఆక్టోపస్ గురించి అడిగినా ఇదే. ‘ఏ సవాళ్లు?’ అని రెట్టిస్తే “వాతావరణ మార్పు సార్” అనండి. ఇంకా గుచ్చితే మీడ్ వాక్యం వదలండి. దానికీ లొంగకపోతే కళ్లు తిరగనివ్వండి. ఇది మేడం మీద ఒకసారి పనిచేసిందే.

ఇవన్నీ పాటించిన బ్యాచ్‌ల సంగతి నాకు బాగా తెలుసు. ఒక్కరికీ ఒక్క ముక్క అంటలేదు. బ్యాంకు ఇంటర్వ్యూలో ‘ఉల్లి ఎగుమతి ఆపితే ఎవరికి నష్టం?’ అని అడిగితే, ‘ఉల్లికి’ అని చెప్పి నిశ్చింతగా ఇంటికి వచ్చేశారు. ఎగుమతుల కంపెనీలో చేరినవాళ్లు మొదటి షిప్‌మెంటు కాగితాలు చూడగానే రాజీనామా ఇచ్చి, ఇప్పుడు హాయిగా ఊళ్లోనే ఉన్నారు. నాన్నగారి అప్పు ఇంకా తీరుతోంది. ఫొటోలు మాత్రం ఎంత బాగా వచ్చాయో! సముద్రం ఆ నీలం రంగు ఇంకెక్కడా ఉండదు.

చివరిగా ఒక్క మాట. వచ్చే ఏడాది బ్యాచ్‌ని శ్రీలంక తీసుకెళ్తారని వినపడుతోంది. మీ రిపోర్టు సాఫ్ట్ కాపీ పారేయకండి. పెన్‌డ్రైవ్‌లో వేసి జూనియర్లకి ఇవ్వండి, ఏ మాట తీసి ఏ మాట పెట్టాలో దగ్గరుండి చూపించండి. వాళ్ల దగ్గర డబ్బు మాత్రం తీసుకోకండి, పాపం పిల్లలు.